పదిహేడో నంబరు దీవి

నలభై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నా కలం నుంచి ఒక్క చుక్క కూడా అనవసరంగా జారలేదు. ఇది నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు. రిటైరైన రోజు పటాల ఆఫీసువాళ్లు అద్దం బిగించి నా చేతిలో పెట్టిన కాగితంలోనే ఉంది: 'మచ్చలేని కలం'. మా ఆవిడ దాన్ని గోడకి తగిలించి, దాని కిందే గొడుగుకి ఇంకో మేకు కొట్టింది. "రెండిట్లో ఏది పనికొస్తుందో వానాకాలంలో చూద్దాం" అంది.

నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. కానీ సముద్రపు పటాల మీద పేర్లు రాయడంలో నన్ను మించినవాడు ఆఫీసులో లేడు. మాకు పని నేర్పిన మీసాల మేస్త్రి ఒకటే చెప్పేవాడు. "నీళ్ల పేర్లు పక్కకి వాల్చి రాయి, అవి పారతాయి. నేల పేర్లు నిటారుగా రాయి, అది నిలబడుతుంది." సన్న పాళీ, నల్ల సిరా, తప్పు గీకడానికి బ్లేడు, ఊపిరి బిగబట్టడానికి రొమ్ము. ఇంతే మా సరంజామా.

తరవాత కంప్యూటర్లు వచ్చాయి, నేను ఇంటికి వచ్చాను. పన్నెండేళ్లు గడిచాయి. ఒకరోజు ఆఫీసు జీపు మా గుమ్మం ముందు ఆగింది. మా ఆవిడ కంగారు పడి, "ఏం చేశారు?" అంది. నా మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది.

సంగతేమిటంటే, సముద్రంలో పేరు లేని దీవులు ఇరవై ఒకటున్నాయి. ఇన్నాళ్లూ వాటికి ఖైదీలకున్నట్టు నంబర్లే. ఇప్పుడు మన యుద్ధాల్లో దేశంలోకెల్లా పెద్ద పతకాలు పొందిన ఇరవై ఒక్కమంది సైనికుల పేర్లు వాటికి పెడుతున్నారు. ఎల్లుండి సభ. సభ కాగానే ఒక్కో కుటుంబానికి వాళ్ల దీవి ఉన్న పటం ఇచ్చి, పడవల్లో తీసుకెళ్లి, ఆ నేల మీదే పేరు పలక నిలబెడతారు.

డైరెక్టరుగారు నన్ను కూర్చోబెట్టి, "పెద్దాయనా, కంప్యూటరు అచ్చు వద్దనుకున్నాం. ఈ పేర్లు చేత్తో రాసినవై ఉండాలి. మీ చేయి ఇంకా ఆడుతుందా?" అన్నారు.

"నా చేయి ఆడదు సార్. అందుకే కదా పిలిచారు" అన్నాను.

నా పాత బల్ల దుమ్ము దులిపి ఇచ్చారు. పదహారు పేర్లు రాశాను. ఒక్కో పేరు రాస్తుంటే నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. ఒకాయన మంచు కొండ మీద పోయాడు, ఒకాయన మండుతున్న ట్యాంకులోంచి దిగనన్నాడు. నేను బూటు లేసు కట్టుకోవడానికే వంగలేని వయసులో, అలాంటి వాళ్ల పేర్లు నా పాళీ కింద నిలబడుతున్నాయి.

పదిహేడోది తీశాను. ఒక వైర్‌లెస్ సిపాయి పేరు. పటంలో దీవి ఎక్కడుందా అని చూశాను. కింద, ఎడమ చేతి మూల. చుట్టూ ఇంకేమీ లేదు.

ఆ మూల నాకు బాగా తెలుసు.

ఇప్పుడు మీరు నా మొదటి వాక్యం దగ్గరికి వెళ్లి దాన్ని కొట్టేయండి. ఒక్క చుక్క జారింది. కొత్తగా చేరిన రోజుల్లో, పందొమ్మిదేళ్లప్పుడు, సరిగ్గా ఆ మూల మీదకి వంగి ఉండగా పెద్ద తుమ్ము వచ్చింది. పాళీ దులిపినట్టయి, సముద్రంలో ఆవగింజంత చుక్క పడింది. బ్లేడుతో గీకేస్తే పోయేది. ఇంతలో భోజనం గంట కొట్టారు. తిరిగి వచ్చేసరికి పటం తనిఖీ ఆయన బల్ల మీద ఉంది. ఆయన నన్ను పిలిచి, "దీవి పెట్టి తీరం గీయడం మర్చిపోతావా?" అని తిట్టి, నా చుక్క చుట్టూ తనే అందంగా తీరం గీశాడు. తిట్టినవాడికి ఎదురు చెప్పే వయసు కాదు నాది.

మా ఆఫీసులో ఒక కట్టుబాటు ఉంది. పాత పటంలో ఉన్నదాన్ని కొత్త పటంలో తీసేయకూడదు. ఎవరైనా పడవేసుకుని వెళ్లి, అక్కడ అది లేదని చూసి వచ్చి, సంతకం పెడితేనే తీయాలి. లేని రాయి పటంలో ఉంటే ఓడకి కాస్త చుట్టుదారి, అంతే. ఉన్న రాయి పటంలో లేకపోతే ఓడే ఉండదు. మంచి కట్టుబాటే. దాని పుణ్యమా అని నా చుక్క ఒక పటంలోంచి ఇంకో పటంలోకి ఎక్కుతూ, నంబరు కూడా సంపాదించుకుంది. యాభై ఏళ్లకి పైగా ఓడలన్నీ నా తుమ్ముకి ప్రదక్షిణం చేసి వెళ్లాయి.

నిజం చెప్పొద్దూ, మొదట నాకు గర్వమే కలిగింది. నా చుక్కకి ఒక వీరుడి పేరు! నోరు మూసుకుని రాసేద్దామని పాళీ సిరాలో ముంచాను కూడా.

అప్పుడే ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో బట్టలు కొలిచే టేపు. యాభై ఏళ్లు కుట్టుపని చేసిందట, తీయడం మర్చిపోయి అలాగే రైలెక్కేసింది.

"పదిహేడో నంబరు రాస్తున్నది మీరేనా అన్నయ్యగారూ? నేను వాడి అక్కని."

"అన్నయ్యనా? నాకింకా డెబ్బై రెండే" అన్నాను.

"నాకు డెబ్బై."

"అయితే అన్నయ్యనే. కూర్చో అమ్మా."

ఆవిడ కూర్చుని, సంచిలోంచి అంచులు నలిగిన ఒక నోటు పుస్తకం తీసింది. "మా వాడి దీవి ఎంత పొడుగు? ఎంత వెడల్పు?"

నేను పటం వైపు చూశాను. గుండుసూది తలంత ఉంది. నా అలవాటు మీకు తెలియదు గానీ, ఇరుకున పడితే నా నోటికి రెక్కలొస్తాయి.

"పొడుగు సంగతి తరవాత. అక్కడ పక్షులు ఎన్ననుకున్నావ్! అన్నీ ఒక్కసారి లేస్తే బరువు తగ్గి దీవి నాలుగంగుళాలు పైకి తేలుతుంది. వాలగానే మళ్లీ దిగుతుంది."

ఆవిడ నవ్వింది. "కోతలు బాగానే కోస్తారే! నేనూ అరవై గజాల తాను కొలవకుండా కోసినదాన్నే. పక్షులు సరే, పొడుగు చెప్పండి."

పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. ఛాతీ, భుజం, చేతి పొడుగు. తమ్ముడి కొలతలన్నీ ఏడాదికొక వరసగా ఉన్నాయి. ఇరవై రెండో ఏటితో ఆగిపోయాయి.

"ఒట్టి వాగుడుకాయ అన్నయ్యగారూ వాడు. భోజనం చేస్తూ మాట్లాడేవాడు, నిద్రలో మాట్లాడేవాడు. నోరు మూయరా అని వాడిని తిట్టని రోజు లేదు. అందుకే కాబోలు సైన్యంలో వైర్‌లెస్ ఇచ్చారు. శత్రువులు చుట్టుముట్టిన రోజు, తనతో ఉన్న నలభై మంది ఏరు దాటేదాకా ఒక్కడే కూర్చుని దారి చెబుతూనే ఉన్నాడట. చివరివాడు గట్టెక్కాక వైర్‌లెస్ ఆగిపోయింది."

కాసేపు టేపు కొసని వేలికి చుట్టుకుంది.

"వాడి ట్రంకు పెట్టె వచ్చింది. పతకం వచ్చింది. వాడు రాలేదు. ఎక్కడున్నాడో, ఎంత మేర ఉన్నాడో కొలుచుకోవడానికి నాకేమీ లేదు. ఇప్పుడు నేల ఇచ్చారు. ఎల్లుండి దాని మీద నిలబడి వాడిని ఒక్క తిట్టు తిట్టి రావాలి. కొలత చెప్పండి, రాసుకుంటాను."

పెన్సిలు కాగితం మీద ఆనించి నా వైపు చూసింది.

అబద్ధం నాకు కొత్త కాదు. కానీ ఆ పుస్తకంలో ఉన్న అంకెలన్నీ నిజమైనవి. వాటి పక్కన నా అంకె ఎలా రాయించను? ఎల్లుండి పడవలో తీసుకెళ్లి ఆవిడకి ఒట్టి నీళ్లు చూపించాలా?

"ఒక్క గంట కూర్చో అమ్మా" అని లేచాను.

డైరెక్టరుగారి గదిలోకి వెళ్లి, తలుపు వేసి, ఉన్నదంతా కక్కేశాను. ఆయన విన్నారు. విని, పడీపడీ నవ్వారు.

"పెద్దాయనా, మీ కథలు నేను చేరిన రోజు నుంచి వింటున్నాను. తిమింగలం మీ మేస్త్రి టోపీ మింగిన కథ కంటే ఇది బాగుంది."

జీవితంలో మొదటిసారి ఆఫీసులో నిజం చెబితే నాకు దక్కిన మర్యాద అది. ఇలా కాదని పటాల కొట్లోకి వెళ్లి, నేను ఉద్యోగంలో చేరకముందు గీసిన పాత పటం దుమ్ముతో సహా తెచ్చి ఆయన బల్ల మీద పరిచాను. ఎడమ మూల ఒట్టి నీళ్లు.

ఆయన నవ్వు ఆగింది. కంప్యూటరులో ఉపగ్రహం తీసిన ఫొటో తెరిచారు. అక్కడా నీళ్లే.

"మబ్బు పట్టి కనబడలేదేమో అని రాసి వదిలేశారు మావాళ్లు" అని తల పట్టుకున్నారు. "ఇరవై ఒక్క కుటుంబాలూ బయల్దేరి వచ్చేశాయి. ఇప్పుడు ఆవిడకేం చెప్పను? పోనీ, పడవని వేరే ఏదైనా దీవి దగ్గర ఆపి..."

"ఆవిడ టేపు తెచ్చుకుంది సార్" అన్నాను.

ఇద్దరం పటం మీదకి వంగాం. చూడగా చూడగా కుడివైపు పైన నాకొకటి కనబడింది. ఈ పాత పటంలో అక్కడ ఒక దీవి ఉంది, చింతగింజ ఆకారంలో. మా తరవాతి పటాల్లో అక్కడ ఏముంటుంది? దిక్కుల పువ్వు. ఉత్తరం ఎటో దక్షిణం ఎటో చూపే గుర్తుని మేం అలా అంటాం. ఓడల దారి లేని చోటు చూసి ఆ పువ్వు వేయడం మా వాళ్ల అలవాటు. దీన్ని వేసింది మీసాల మేస్త్రి. ముప్పై రెండు రేకులతో ఎంత పెద్దగా వేశాడంటే, కింద ఉన్న దీవి కాస్తా మునిగిపోయింది. తీసేయకూడదన్న కట్టుబాటు ఉంది గానీ, పువ్వు కింద దాగినదాని గురించి కట్టుబాటులో ఒక్క ముక్కా లేదు.

డైరెక్టరుగారు ఫొటోని అటు జరిపారు. నీలంలో పచ్చగా, చుట్టూ తెల్లటి ఇసుక అంచుతో, మమ్మల్నే చూస్తున్నట్టు ఉంది.

"పెద్దాయనా! ఇది నిజంది!"

"నేను గీయలేదు సార్, కచ్చితంగా నిజందే."

ఆయన వెంటనే ఫోన్లు మొదలుపెట్టారు. నావికాదళం వాళ్లు ఒక పడవ పంపి, సాయంత్రానికల్లా రెండు చోట్లూ చూసి వచ్చి సంతకం పెట్టారు. పేరు మారలేదు, నంబరు మారలేదు. దీవి మారింది, అంతే.

ఈలోపు ఆవిడకి నిజం చెప్పాల్సింది నేను. చెప్పాను. ఎటూ చూడకుండా విన్నది.

"అంటే... మావాడికి మీ తుమ్ము అంటగట్టబోయారా?"

"అవును తల్లీ."

ఆవిడ ముఖం కాసేపు గట్టిపడింది. తరవాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. "వాడుంటే ఈ కథ ఊరంతా చెప్పుకు తిరిగేవాడు" అంది. "ఇంతకీ ఈ కొత్తది ఎంత పొడుగు?"

డైరెక్టరుగారే స్వయంగా వచ్చి చదివారు. పదహారు వందల మీటర్ల పొడుగు, ఏడు వందల వెడల్పు. ఆవిడ తమ్ముడి చేతి కొలత కింద ఆ రెండంకెలూ రాసుకుని, వాటి కింద గీత గీసింది.

"చొక్కా ఎప్పుడూ వాడికి ఒక అంగుళం వదులుగానే కుట్టేదాన్ని, ఎదుగుతాడని. ఇది సరిపోతుంది."

కుడివైపు పైన పువ్వుని గీకేసి, దీవిని గీసి, ఆ పేరు ఆవిడ ఎదురుగానే రాశాను. పాళీ ఎత్తినప్పుడల్లా, "తుమ్మొస్తోందా అన్నయ్యగారూ?" అని అడుగుతూనే ఉంది. దీవి పెద్దది కాబట్టి పేరు నీళ్లలో పెట్టనక్కరలేదు, నేల మీదే పట్టింది. ఒక్కో అక్షరాన్నీ కవాతులో సిపాయిలా నిటారుగా నిలబెట్టాను. నలభై ఒక్క ఏళ్లలో అంత మంచి రాత నేను రాయలేదు. ఇది మాత్రం కోత కాదు. ఎడమ మూల నా చుక్కని బ్లేడుతో గీకేసి, దిక్కుల పువ్వుని తెచ్చి అక్కడ వేశాను.

సభ కాగానే ఆవిడ పట్టుపట్టి నన్నూ పడవ ఎక్కించింది. ఇసుకలో దిగాం. నావికులు వరసగా నిలబడ్డారు. ఒక అధికారి ఆ సిపాయి పేరు గట్టిగా చదివాడు. అంతమంది చేతులూ ఒక్కసారిగా నుదుటికి లేచాయి. నా చేయి కూడా లేచింది, ఎవరూ చెప్పకుండానే.

ఆవిడ ముందుకి వెళ్లి పేరు పలకని టేపుతో కొలిచింది. పొడుగు, వెడల్పు. పుస్తకంలో రాసుకుంది. తరవాత నడుం మీద చెయ్యి వేసుకుని, ఏటి ఒడ్డున పిల్లాణ్ని కేకేసినట్టు అరిచింది.

"ఒరేయ్ వాగుడుకాయా! అందరూ గట్టెక్కేశార్రా. ఇంక నోరు మూసుకుని కూర్చో!"

ఆ కేకకి చెట్ల మీద పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. నేను కాళ్ల కింద చూసుకున్నాను. దీవి నాలుగంగుళాలు కాదు కదా, నూలుపోగంత కూడా కదల్లేదు. గట్టి నేల.

ఇంటికి వచ్చి 'మచ్చలేని కలం' గోడ మీంచి దించేశాను. మా ఆవిడ గొడుగుని పై మేకుకి మార్చింది.

ఇందులో ఒకటి కల్పించానని ఒప్పుకోవాలి. తుమ్ము. ఆ రోజు నాకు తుమ్ము రాలేదు. డైరెక్టరుగారికీ, ఆవిడకీ, మీకూ అదే చెప్పాను గానీ, చుక్క జారలేదు. నేనే పెట్టాను. ఆ మూల సముద్రం మరీ బోసిగా ఉంది. అన్ని నీళ్లలో ఎవడైనా ఒంటరిగా ఉండిపోతే, వాడికి కాలు పెట్టుకోవడానికి కాస్త చోటుండాలి కదా అనిపించింది, పందొమ్మిదేళ్ల వయసు కదా. కాబట్టి ఇందాక కొట్టేయమన్నానే, ఆ మొదటి వాక్యం, దాన్ని మళ్లీ రాసేసుకోండి.