పరీక్ష కోసం దోసెలు

సొంత అల్లుడికైనా అన్ని రకాలు వండి ఉండను, రాఘవులికి వండి పెట్టాను. ఆ చేతులతోనే ఇప్పుడు వాడి పేరు తలుచుకుని మెటికలు విరుస్తున్నాను. అలా శపించకూడదని మా ఆయన అంటాడు. ఆయనకేం, కోపం వస్తే సుత్తి భుజాన వేసుకుని పట్టాల మీదకి పోతాడు. నేనెక్కడికి పోను?

కిరండూల్ రైల్వే కాలనీలో చివరి క్వార్టరు మాది. మా ఆయన రామ్మూర్తి కీమాన్, పట్టాల బిగింపులు చూసుకునే పని. సొంతూరు బొబ్బిలి దగ్గర. మా ఒక్కగానొక్క పిల్ల కన్నమ్మకి పుట్టుకతోనే వినపడదు, మాటా లేదు. బడివాళ్ళు రెండు నెలలు కూర్చోబెట్టుకుని ఇంటికి పంపేశారు. ఏం పోయింది? మేం ముగ్గురం చేతులతోనే సంసారం నడుపుకున్నాం. పిడికిలి భుజానికి తాకిస్తే నాన్న. ముక్కుపుడక ముట్టుకుంటే నేను. అరచేతిలో వేలు గుండ్రంగా తిప్పితే దోసె. ఈ భాష ఏ పుస్తకంలోనూ లేదు, మా గడప దాటి ఎవరికీ రాదు.

రాయ్‌పూర్ రాజధానిగా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. వికలాంగులకి పని నేర్పి, ఎక్కడో ఒకచోట కుదిర్చే మనుషుల్ని తయారు చేయాలని సర్కారు జగదల్‌పూర్‌లో ఒక ట్రైనింగు పెట్టించింది. చదువు ఉచితం, హాస్టలు ఉచితం, పైగా స్టయిపెండు. మా పక్క లైనులో పాయింట్స్‌మాన్ కొడుకు రాఘవులికి సీటొచ్చింది. ప్రాక్టికల్స్‌కి ఒక 'కేసు' కావాలట. స్వీటు పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"అత్తా, కన్నమ్మ సైగలు నాకు నేర్పించు. గుంటని మంచి పన్లో ఎడతాను. ఆ పూచీ నాది," అన్నాడు.

నేర్పించాను. సెలవు దొరికితే చాలు రైలెక్కి వచ్చేవాడు. కన్నమ్మ ఎదురుగా కూర్చుని చేతులు తిప్పుతుంటే ముగ్గురం పడీపడీ నవ్వేవాళ్ళం. మా పిల్ల బయటివాళ్ళకి ఎప్పుడూ పేరు పెట్టలేదు. వాడికి పెట్టింది. రెండు వేళ్ళు గుండ్రంగా చుట్టి కంటికి పెట్టుకుంటే కళ్ళజోడు, అంటే రాఘవులు. పొద్దున్న లేస్తూనే కళ్ళజోడు ఎప్పుడొస్తాడని అడిగేది.

మాట నిలబెట్టుకున్నాడనే అనుకున్నాం. బస్టాండు దగ్గర తాతబాబు టిఫిన్ హోటల్లో కుదిర్చాడు. నీలం రంగు ఏప్రన్ తనే కొనిచ్చాడు. ఇడ్లీ, దోసె, వడ బొమ్మలు గీసి అట్టకి అంటించాడు. వచ్చినవాళ్ళు బొమ్మ మీద వేలు పెడితే కన్నమ్మ పెనం మీద పిండి తిప్పేది. ఇనుప గనుల్లో పనిచేసేవాళ్ళు ఎర్ర దుమ్ముతోనే వచ్చి, నవ్వుకుంటూ వేలు పెట్టి చూపించేవారు. నెల తిరిగేసరికి జీతం తెచ్చి నా చేతిలో పెట్టింది. దేవుడి ముందు ఉంచి కొబ్బరికాయ కొట్టాను. పిల్ల బతుకు ఒక దారిన పడిందని ఆ రాత్రి మా ఆయన చాటుగా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత రాయ్‌పూర్ నుంచి పరీక్ష పెట్టే దొరలొచ్చారు. కన్నమ్మ వేసిన దోసెలు తిన్నారు, ఫోటోలు తీసుకున్నారు, రాఘవులు భుజం తట్టారు. వాళ్ళు వెళ్ళిన మర్నాడే కన్నమ్మ పొద్దున్నే ఇంటికి తిరిగొచ్చేసింది. ఎందుకో దానికే తెలియదు. నేను హోటలుకి పరిగెత్తాను.

తాతబాబు తల వంచుకుని పెనం గీకుతున్నాడు. "పరీచ్చ అయిపోనాది గదప్పా. రాఘవులు సెప్పనేదేటి? పరీచ్చ వరకే అన్నాడు. ఆ జీతం కూడా నాది కాదు, ఆల ట్రైనింగోలే ఇచ్చినారు. రెండో మనిసిని పెట్టుకునే యాపారమా నాది?"

కొబ్బరికాయ కొట్టింది ఏ డబ్బుకో అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. రాఘవులు ఆ పూట రైలుకే జగదల్‌పూర్ వెళ్తున్నాడని తెలిసి స్టేషన్‌కి పోయాను. కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"నీకు ముందే తెలుసేటిరా?"

"ట్రైనింగుకే ఫండిచ్చినారత్తా. తరవాతకి నేదు. మాకందరికీ అలాగే సెప్పినారు."

"తెలుసా, తెలీదా?"

వాడు నా మొహం చూడలేదు. పక్క లైనులో ఆగి ఉన్న ఖనిజం వ్యాగన్ల వైపు చూస్తూ, "పాసవ్వాల గదత్తా," అన్నాడు.

వైద్యుణ్ణి చదివించడానికి డబ్బుందిట, రోగికి మందు ఇవ్వడానికి లేదుట! సర్కారు సంగతి సర్కారుది, సర్కారు మా ఇంట్లో అన్నం తినలేదు. వీడు తిన్నాడు. తిని, ఏరు దాటి, తెప్ప తగలేశాడు.

హోటల్ పని అయిపోయిందని కన్నమ్మకి చెప్పాను. అది నమ్మలేదు. కళ్ళజోడు వస్తాడు, తాతబాబుతో మాట్లాడతాడు, అని చేతులతో నాకే ధైర్యం చెప్పింది. రోజూ ఏప్రన్ ఉతికి ఆరేసేది. పొద్దున్నే జడ వేసుకుని గుమ్మంలో నిలబడేది. చూడలేక నేను పెరట్లోకి పోయేదాన్ని.

వానలు వెలిశాక ఒకరోజు గుమ్మం ముందు జీపు ఆగింది. రాఘవులే. ఇప్పుడు ట్రైనింగు ఇచ్చే సారయ్యాడు. సర్కారు కొత్త బ్యాచికి మళ్ళీ డబ్బిచ్చిందిట. వెనకాల ఆ బ్యాచి పిల్లలు, ఒక పెద్దాఫీసరు. కన్నమ్మ వాణ్ణి చూసి లోపలికి ఉరికి, ఏప్రన్ కట్టుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ వాళ్ళని నిలబెట్టాడు. ఏదైనా చెప్పమని సైగ చేశాడు. కన్నమ్మ అరచేతిలో వేలు తిప్పింది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. బస్టాండు వైపు చూపించి, ఎప్పుడని అడిగింది. మళ్ళీ అడిగింది. దోసెల పనికి నేనెప్పుడు వెళ్ళాలి?

"క్యా బోల్ రహీ హై, సర్?" అంది ఒక పిల్ల. ఏమంటోంది సార్, అని.

వాడికి అర్థమైంది. ఆ సైగలు నేర్పింది నేనే, నాకు తెలియదా? అయినా నవ్వుతూ హిందీలో చెప్పాడు, "మీరంతా నాస్తా చేశారా అని అడుగుతోంది."

అందరూ మురిసిపోయారు. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. కన్నమ్మ కూడా నవ్వింది, పని మళ్ళీ దొరికిందనుకుని. అంతవరకూ ఓర్చుకున్నాను గానీ, ఆ నవ్వు చూశాక నా వల్ల కాలేదు. ముందుకొచ్చి పిల్లకి అన్నీ చేతులతో చెప్పాను. కళ్ళజోడుకి ముందే తెలుసు. పని పరీక్ష వరకే. ఇప్పుడు కూడా నువ్వడిగింది వీళ్ళకి చెప్పలేదు.

కన్నమ్మ వాడి వైపు చూసింది. నిజమేనా అని కూడా అడగలేదు. రెండు చేతులూ ఏప్రన్ కిందకి దాచేసుకుంది.

రాఘవులు సైగ చేశాడు. ఇంకో సైగ చేశాడు. చివరికి తన పేరే కంటికి పెట్టుకుని చూపించాడు. కన్నమ్మ చేతులు బయటికి రాలేదు.

"అబ్ క్యా బోల్ రహీ హై, సర్?" ఇప్పుడేమంటోందని ఆ పిల్లే మళ్ళీ అడిగింది. నాకొచ్చిన హిందీలో నేనే చెప్పాను. "హోటల్ పని ఎప్పుడని అడిగింది. మీ సారు నాస్తా అన్నాడు."

జీపు వెళ్ళిపోయాక కన్నమ్మ పొయ్యి దగ్గరికి వచ్చింది. అన్నం పొంగుతోంది. ఏప్రన్ విప్పి, మడతపెట్టి, దాంతో గిన్నె అంచులు పట్టుకుని దించింది. అప్పటినుంచీ మా వంటింట్లో అదే మసిగుడ్డ.