రిలీవర్

“రిలీవర్ రాలేదు. ఇంకో అరగంట పడుతుంది.”

ఫోన్లో తేజేశ్వర్ ఈ మాట చెప్పినప్పుడల్లా అత్తయ్య ముఖం జాలితో కుంగిపోతుంది. “పాపం, ఆకలితో కూకున్నాడు నా కొడుకు. ఆడెవడో వచ్చేదాకా కదల్డానికి లేదు కదా,” అంటారు. నేను పొటోల్ కాయల చెక్కు గీస్తూ వింటుంటాను. సంత్రాగాఛి యార్డు కేబిన్‌లో స్టేషన్ మాస్టరు అతను. తర్వాతి మనిషి వచ్చి, ఏ లైన్లో ఏ బండి నిలబడి ఉందో విని, ఛార్జ్ తీసుకుని సంతకం పెట్టేదాకా కుర్చీ దిగకూడదు. ఆలస్యమైన రోజు ఇంటికొచ్చి, ఆ మనిషిని తిట్టుకుంటూ అన్నం తింటాడు. “నేను మనిషిని కాదా, ఉదా? నాకు ఇల్లు లేదా?” అని నన్నే అడుగుతాడు. నేను ఇంకో గరిటె పప్పు వడ్డిస్తాను. ఈ ఇంట్లో నాకెప్పుడైనా రిలీవర్ వచ్చాడా అన్న ప్రశ్న అప్పటికి నాకింకా తోచలేదు. తోచింది ఒక తప్పు జవాబు రాసినప్పుడు.

ఏక్‌బాల్‌పూర్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సుని నేను. చదివింది డిప్లొమా. పెళ్ళయ్యాక డిగ్రీలో చేరాను గానీ, అక్షయ కడుపున పడగానే అది ఆగిపోయింది. “సదువెక్కడికి పోతాది? ముందు బిడ్డని కను,” అన్నారు అత్తయ్య. చదువు నిజంగానే ఎక్కడికీ పోలేదు, బీరువా మీద అట్టపెట్టెలో ఉంది. పిల్లకి రెండేళ్ళు నిండాయి. ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు క్రిటికల్ కేర్ సర్టిఫికెట్ పరీక్ష పాసైనవాళ్ళనే ఐసీయూలో ఉంచుతామంటున్నారు. మిగతావాళ్ళు దసరా పూజలయ్యాక జనరల్ వార్డుకి వెళ్ళాలి. వార్డు పని తక్కువదని కాదు. వెంటిలేటర్ మీదున్న మనిషి ఛాతీ లేచే తీరు చూసి, మిషను అరవకముందే ఏదో తేడా వచ్చిందని పసిగట్టడం నాకు వచ్చు. ఈ లోకంలో నాకు బాగా వచ్చునని నేను నమ్మే పని అదొక్కటే. ఇంట్లో నా పప్పులో ఉప్పు ఎక్కువ, నా నడకలో చప్పుడు ఎక్కువ, పిల్లని పడుకోబెట్టే చెయ్యి మంచిది కాదు. ఆ ఎనిమిది మంచాల మధ్య మాత్రం నా చేతుల గురించి ఎవరూ ఏమీ అనరు.

పుస్తకంలో పేజీలు ఫోన్లో ఫొటోలు తీసుకుని, బస్సు నది మీది సెకండ్ బ్రిడ్జి ఎక్కినప్పట్నుంచీ చదువుకునేదాన్ని. ఇంట్లో పిల్లకి అన్నం పెడుతూ బ్లడ్ గ్యాస్ విలువలు వల్లె వేసేదాన్ని. “ఏటే ఆ గొణుగుడు? దేవుడి పేరు తల్సుకున్నా పుణ్యమొచ్చును,” అనేవారు అత్తయ్య. తేజేశ్వర్ అలా మాటలనడు. “చదువుకో, నేనేం కాదన్నానా?” అంటాడు. అని, టీ అడుగుతాడు.

పోయిన చలికాలం ఇదే పరీక్షకి బయల్దేరాను. బస్సు వంతెన దిగి రవీంద్ర సదన్ దగ్గరికొచ్చేసరికి అత్తయ్య ఫోను: “గుంట ఒళ్ళు కాలిపోతంది, నువ్వేమో సదువులకి పోయావు.” అంతకుముందు అక్షయకి జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి పిల్ల గుప్పిట్లో, ఫిట్స్ ఆగుతాయని అత్తయ్య పెట్టిన తాళంచెవుల గుత్తి ఉంది, నోట్లోకి చెంచా దూర్చడంతో కింది పెదవి చిట్లి ఉంది. ఆ పెదవి నా కళ్ళముందు నుంచి పోదు. రోడ్డు దాటి, తిరుగు బస్సెక్కేశాను. తీరా వస్తే పిల్ల గచ్చుమీద కూర్చుని మరమరాలు ఏరుకు తింటోంది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, అంతే. పక్కగదిలో తేజేశ్వర్ గురక.

“ఆయన్ని లేపకపోయారా?” అన్నాను.

“నైటు డ్యూటీ సేసొచ్చినోడ్ని లేపమంటావేటే? ఏం మనిషివి?”

ముందు రాత్రి నేను కూడా నైటు డ్యూటీ చేసి వచ్చానని ఆమెకి గుర్తులేదు. ఆ క్షణంలో నాకూ గుర్తులేదు.

ఈసారి బస్సులో కూర్చుని ఫోన్లో మోడల్ పరీక్ష రాస్తుంటే ఒక ప్రశ్న వచ్చింది. రోగి బాధ్యత ఒక నర్సు నుంచి ఇంకొక నర్సుకి ఎప్పుడు మారుతుంది? షిఫ్టు టైము అయినప్పుడు, అని పెట్టాను. తప్పు అని ఎర్రగా చూపించింది. వచ్చిన నర్సు మంచం పక్కన నిలబడి, విని, విన్నది తిరిగి చెప్పి, తీసుకున్నానని ఒప్పుకున్నప్పుడట. రోజూ చేసే పనే, పుస్తకంలో చూస్తే గుర్తుపట్టలేకపోయాను. మా యూనిట్లో అందరికన్నా సీనియరు సుతపా-ది, ‘ది’ అంటే బెంగాలీలో అక్క. నేను చెప్పిందంతా తిరిగి చెప్పి, ఒక్కొక్క ట్యూబునీ వేలితో తడిమి చూసి, చివర్న “ఆమి నిలామ్” అంటుంది, నేను తీసుకున్నాను అని. ఒకసారి ఆ మాట అయ్యాక కూడా నేను అలవాటుగా మందు పంపు వైపు చెయ్యి చాపాను. చేతి మీద ఒక్కటి వేసింది. “చెయ్యి తియ్యి. ఇప్పుడు నా పేషెంటు. ఇద్దరం కలిపి చూస్తే ఎవరమూ చూడనట్టే. ఇంటికి పో.”

కిటికీలోంచి నది కనిపిస్తోంది. అక్షయ గురించి ఈ ఇంట్లో ఎవరైనా, ఎప్పుడైనా, తీసుకున్నాను అన్నారా? మేం చూసుకుంటాంలే అన్నారు, చాలాసార్లు. చూసుకునేవాళ్ళు నాకు సాయం చేస్తున్నారు. సాయం చేసేవాళ్ళు అలిసిపోతే మానేయొచ్చు, నిద్రొస్తే పడుకోవచ్చు, ఫోను చేసి నన్ను వెనక్కి పిలవొచ్చు. మరి నేను మాత్రం ఎప్పుడు అప్పగించాను? ఒక కాలికి చెప్పు తొడుక్కుంటూ గుమ్మంలోంచి నాలుగు మాటలు అరిచి పరిగెత్తడం, ఆసుపత్రి బాత్రూంలోంచి ఫోను చేసి పాలు తాగిందా అని అడగడం, ఇదేగా నేను చేసింది. నేను లేకపోతే పిల్ల బతకదని నాకొక భయం. ఆ భయాన్నే నేను ప్రేమ అనుకున్నాను, వాళ్ళు నా బాధ్యత అనుకున్నారు. అతనితో సహా ముగ్గురం కలిసి తేజేశ్వర్‌ని నిద్రపోనిచ్చాం.

పరీక్ష ఆదివారం పడింది. తేజేశ్వర్‌కి ఆరోజు రెస్టు. పొద్దున్నే అక్షయ ముక్కు కారుతోంది. థర్మామీటర్ పెట్టాను, జ్వరం లేదు. మళ్ళీ నుదుటి మీద చెయ్యి వేశాను. ఆగిపో అని ఆ చెయ్యే చెబుతోంది.

“రండి, ఛార్జ్ తీసుకోండి,” అన్నాను.

తేజేశ్వర్ టీ గ్లాసుతో నవ్వాడు. “అరే బాబా, నా కూతురే కదా! వెళ్ళు, వెళ్ళు. మేం చూసుకుంటాంలే.”

“మీ రిలీవర్ కేబిన్ కింద నిలబడి, ‘చూసుకుంటాలే దాదా’ అంటే దిగి వచ్చేస్తారా?”

గ్లాసు పెదవి దగ్గర ఆగింది. కింద పెట్టి, మంచం దగ్గరికి వచ్చాడు.

చెప్పాను. జలుబు నిన్నట్నుంచి. ఇప్పుడు జ్వరం లేదు. ఒళ్ళు వెచ్చబడితే చేత్తో చూసి ఊరుకోకుండా థర్మామీటర్ పెట్టాలి, అరలో ఉంది. మందు ఈ గీత దాకా. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో ఏమీ పెట్టకూడదు. గడియారం చూడాలి. ఐదు నిమిషాల్లో ఆగకపోతే ఆసుపత్రికి. “తిరిగి చెప్పండి.”

చెప్పాడు. గడియారం మర్చిపోయాడు. మళ్ళీ చెప్పమన్నాను.

గుమ్మంలోంచి అత్తయ్య, “ఏటీ నాటకాలు? మొగుడికి పరీచ్చ పెడతన్నావా?” అన్నారు. అతను తల్లివైపు చూసి నవ్వబోయి, మానేశాడు. మొదట్నుంచీ మళ్ళీ చెప్పాడు, ఈసారి గడియారంతో సహా. “తీసుకున్నాను,” అన్నాడు. అది కేబిన్‌లో మాట్లాడే గొంతు కాబోలు. నేనెప్పుడూ వినలేదు.

అక్షయ “అమ్మా” అని చేతులు చాపింది. నా చెయ్యి లేచింది. దాంతో సంచి పట్టీ పట్టుకుని గుమ్మం దాటాను.

సాల్ట్‌లేక్‌లో ఆ కంప్యూటర్ సెంటర్ గేటు దగ్గర పెద్ద లైను. ఫోన్లన్నీ ఒక బుట్టలో పెట్టి వెళ్ళాలి. నా ముందు ఒకమ్మాయే ఉందనగా నా ఫోను మోగింది.

“గుంట ఒళ్ళు వెచ్చబడతంది. ములుగుతంది. యేగిరం వచ్చీయే,” అన్నారు అత్తయ్య.

“ఆయనేరి?”

“పడుకున్నాడు. వారమంతా సాకిరీ సేసినోడు, ఇప్పుడే కన్నంటింది.”

చిట్లిన పెదవి కళ్ళముందు కదిలింది. నా కాళ్ళు అప్పుడే రోడ్డువైపు తిరిగాయి, నేను తిప్పలేదు, అవే తిరిగాయి. తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా చూసేశాను. గేటు దగ్గరమ్మాయి “దీదీ, ఫోన్” అని బుట్ట చాపింది.

“ఆయన్ని లేపండి, అత్తయ్యా.”

“ఏటీ?”

“పిల్ల ఛార్జ్ ఆయనది. లేపండి. లేచేదాకా ఫోను పెట్టను.”

ఆమె ఏదో గొణిగారు. తర్వాత చెప్పుల చప్పుడు. “ఒరే తేజా... నీ పెళ్ళాం లెగమంతందిరా.” మంచం కిర్రుమంది. అరలో ఏవో దొర్లాయి. అక్షయ ఏడుపు దగ్గరగా వచ్చింది. ఆ ఏడుపు మీదుగా తేజేశ్వర్ గొంతు, నిద్రతో బొంగురుగా: “అమ్మా, ఆ తాళాలు తియ్యి. దాని చేతిలో ఏటీ పెట్టకు.”

జ్వరం ఎంతుందో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఫోను బుట్టలో పెట్టి, చెయ్యి తీసేశాను.