తొమ్మిదో రోజుకే జాకీలు

నా వ్యాపారం ఎందుకు మునిగిందో ఒకావిడ నాకు ఇరవై నిమిషాల్లో చెప్పింది. అలా చెప్పిందన్న కోపంతోనే ఆ మధ్యాహ్నం నేను చేయకూడని పని చేశాను. ముందే చెబుతున్నాను, నన్ను మంచివాణ్ననుకుని వినకండి.

ఆవిడ పేరు ఉమారాణి. బ్యాంకు మేనేజరుగా రిటైరైంది. నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో ఇంటి ముందు గదిలోనే బల్ల వేసుకుని, నాలాంటి కాంట్రాక్టర్లకు లెక్కలు చూసి సలహాలిస్తుంది. నేను వెళ్లింది సలహా కోసం కాదు, లోను కాగితాలు రాయించుకోవడానికి. పద్దెనిమిదేళ్లు తాపీ పట్టినవాణ్ని. పదకొండేళ్లుగా సొంతంగా ఇళ్లు కట్టిస్తున్నవాణ్ని. కుర్చీలో కూర్చుని పని చేసినావిడ నాకు ఇల్లు కట్టడం నేర్పుతుందా అన్న పొగరు ఒంటినిండా ఉంది.

"ఇప్పుడు ఎన్ని ఇండ్లు నడుస్తున్నయ్ పోశన్నా?" అని అడిగింది.

"నాలుగు మేడం. బోధన్ల రెండు, మోస్రాల ఒకటి, చందూర్ల ఒకటి."

"మోస్రా ఆయన స్లాబు కోసం ఇచ్చిన పైసలు ఏడున్నయ్?"

"ఆయన ఇంటికే పెట్టిన మేడం."

"లోను కావాల్నంటే నాకు నిజం చెప్పాలె."

నిజమేమిటంటే మోస్రా ఎర్రన్న ఇచ్చినదాంట్లో సగం బోధన్‌లో ఒక ఇంటి టైల్సుకు పోయింది. ఆ బోధన్ ఆయన ఇచ్చింది అంతకు ముందు ఇంటి తలుపులకు పోయింది. మా పనిలో చాలామంది చేసేదే ఇది. కొత్త ఇంటి బయానా, అంటే అడ్వాన్సు, చేతిలో పడగానే కొబ్బరికాయ కొట్టి, ముగ్గు పోసి, పునాది తవ్విస్తాం. ఇంటివాళ్లు ఆ గుంతలు చూసుకుని మురిసిపోతుంటే, ఆ డబ్బు పట్టుకుని పాత ఇల్లు పూర్తి చేయడానికి పరుగెత్తుతాం. పాత ఇల్లు పూర్తయ్యేసరికి కొత్త ఇంటికి డబ్బుండదు. అప్పుడు ఇంకో కొత్త ఇల్లు కావాలి. పదకొండేళ్లు ఇలాగే నడిపాను, నడుస్తోంది కదా అనుకున్నాను.

అంతా విని ఆమె పెన్ను పక్కన పెట్టింది. "నాలుగిండ్ల పైసలు ఒక్క జేబుల వేసుకుంటే నిన్ను ముంచింది ఏ ఇల్లో నీకెట్ల తెలుస్తది? ఇనుప సలాక రేటు పెరిగినప్పుడు ఎర్రన్నను అడిగినవా?"

"నోటి మాట మీద ఒప్పుకున్న మేడం. ఇప్పుడు ఎక్కువ అడిగితే ఇజ్జత్ పోతది."

"గా ఇజ్జత్ కోసం ఆయన సలాకకు నీ జేబుల నుంచి పెట్టినవ్. ఏ ఇంటి పైసలు గా ఇంటికే ఉండాలె పోశన్నా. ఇంక కొత్త ఇల్లు ముట్టకు. పోయి నలుగురికీ ఉన్నది ఉన్నట్టు చెప్పు, టైం అడుగు. వాళ్లు తిడ్తరు, తిట్టనీ. గా పని చేసినంక రా, లోను కాగితాలు నేనే రాస్త."

ఒళ్లు మండిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలట! చెప్పిన మర్నాడు వర్ని రోడ్డు దుకాణాల్లో నాకు ఒక్క ఇటుక అప్పిచ్చేవాడుంటాడా? నెల నెలా పింఛను తీసుకునేవాళ్లకు ఇలాంటి మాటలు ఎన్నైనా వస్తాయి. ఆ మాట పైకి అనలేదు గానీ, నమస్తే కూడా పెట్టకుండా బయటికొచ్చాను.

బండి దగ్గరికి రాగానే ఫోన్. చందూర్ భానుప్రసాద్. ఎరువుల దుకాణం ఆయన. మా నాలుగో ఇల్లు ఆయనదే.

"అన్నా, ఆదివారం స్లాబు పడాల్సిందే. ముహూర్తం పెట్టించిన. పడ్డదంటే గక్కడనే నాలుగు లక్షలు చేతుల పెడ్త. పడలేదా, వేరేటోన్ని పెట్టుకుంట. నా బయానా నాకు వాపస్ కావాలె."

"పడ్తది సార్. నాది జిమ్మేదారి," అన్నాను.

అప్పటికి శుక్రవారం పదకొండు గంటలైంది. బోధన్‌లో మేం ఉంటున్న ఇంటి కాగితాలు ఫైనాన్స్ వాడి దగ్గర ఉన్నాయి. సోమవారం కట్టకపోతే తాళం వేస్తానని వాడు నా భార్య భాగ్యలక్ష్మి ముందే చెప్పి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడటం మానేసింది, అన్నం పెట్టి అవతలికి వెళ్లిపోతోంది. ఆ నాలుగు లక్షలు వస్తే ఇల్లు నిలుస్తుంది. రాకపోతే సామాను రోడ్డు మీద ఉంటుంది. నా లెక్కంతా అంతే.

చందూర్‌లో స్లాబు పోయాలంటే కింద సెంట్రింగ్ కట్టాలి. అంటే కాంక్రీటును పోయడానికి ఇనుప రేకులు, ఆ రేకుల్ని మోయడానికి నిలువు జాకీలు. నాకున్నది ఒక్కటే సెట్టు. అది మోస్రాలో ఎర్రన్న స్లాబు కింద ఉంది. కిరాయికి తెద్దామంటే, పాత బాకీ కట్టనిదే మేకు కూడా ఇవ్వనన్నాడు దుకాణం వాడు.

ఎర్రన్న స్లాబు పోసి తొమ్మిది రోజులే అయింది.

మోస్రాకు ట్రాక్టరు తీసుకుని వెళ్లేసరికి ముస్తఫా అక్కడ స్లాబు మీద నీళ్లు నిలబెడుతున్నాడు. ఇరవై ఏళ్లుగా నాతో ఉన్న సెంట్రింగ్ మేస్త్రీ. బోధన్ మనిషి. మెట్లు దిగి వచ్చి, ట్రాక్టరును చూసి, నన్ను చూశాడు.

"అన్ని రూములవీ తీసెయ్యి ముస్తఫా. చందూర్‌కు పోవాలె."

"చిన్న రూములవి తీస్త అన్నా. హాలుది తియ్య. పదహారడుగుల హాలు. పద్నాలుగు రోజులు ఉండాలె. మీదికెల్లి సలి గిట్ల ఉంది, సలికి లేటుగ గట్టిపడ్తది. గీ ముచ్చట నాకు నేర్పిందే నువ్వు."

"నేర్పినోనికి తెల్వదా ఎప్పుడు తియ్యాల్నో? తియ్యమంటే తియ్యి."

"ఖుదా కసం అన్నా, నావల్ల కాదు."

"కాకుంటే నడువ్! నీసొంటోల్లు బోధన్ చౌరస్తాల పొద్దుగాల పది మంది దొరుకుతరు."

అతనికి మూడు వారాల కూలి ఇవ్వలేదు నేను. ఆ మాట అతను ఎత్తలేదు. చేతిలో ఉన్న పైపును నెమ్మదిగా కింద పెట్టి, నల్లా కట్టేసి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. అతను ఆ పైసలు అడిగి తిట్టినా బాగుండేది. నేనూ నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకునేవాణ్ని.

ఇద్దరు కూలీలతో నేనే మొదలుపెట్టాను. వంటిల్లు, రెండు చిన్న గదులు అయ్యాయి. అవి ఓర్చుకుంటాయి. తర్వాత హాల్లోకి వచ్చాం. ఒక గోడ వైపు నుంచి నడిమధ్య దాకా జాకీలు వదిలించి, రేకులు దింపి, ఒక్కొక్కటే ట్రాక్టరులో వేయించాను. ఒక్కో జాకీ వదులవుతుంటే పైకి చూస్తున్నాను, ఏమీ కాలేదు. ఇంకోటి. ఏమీ కాలేదు. చాలామంది తీస్తారు, ఏమీ కాదు అని నాకు నేను చెప్పుకుంటూ సగం హాలు ఖాళీ చేశాను.

అప్పుడు వచ్చింది లింగవ్వ, ఎర్రన్న భార్య. ఎర్రన్న చెరుకు కొట్టే కూలీల కోసం పొద్దున్నే పోయాడట. ఎండాకాలంలో పాత ఇల్లు పడగొట్టినప్పటి నుంచి వాళ్లిద్దరూ పక్కనే రేకుల షెడ్డులో ఉంటున్నారు. ఆరు నెలల్లో ఇల్లు అప్పగిస్తానని చెప్పింది నేనే. ఆ ఆరు నెలలు దాటి ఇంకో రెండు నెలలైంది. వానలన్నీ ఆ షెడ్డులోనే తడిశారు.

"తీస్తున్రా తమ్మీ! గట్టిపడ్డదా?" అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"పడ్డదక్కా."

"మంచిగైంది పో! మా బిడ్డ సంజన దవాఖాన నుంచి వస్తుంది ఇయ్యాల. ఆడపిల్ల పుట్టింది, ఎరికనా? పన్నెండు దినాలు. గా రేకుల కింద సలికి పసిదాన్ని ఎట్ల పండవెట్టాలె అని రాత్రి సంది పరేషాన్ ఉంటి. నువ్వు దేవుని లెక్క వచ్చినవ్ తమ్మీ."

ఆమె నా జవాబు కోసం ఆగనూలేదు. చీపురు తెచ్చి, మేం ఖాళీ చేసిన సగం హాలూ ఊడ్చింది. నీళ్లు చల్లింది. కూలీల్లో ఒకణ్ని పిలిచి షెడ్డులోంచి మంచం మోయించుకొచ్చి గోడకు వేయించింది. ఆ పక్కనే నేను ఇంకో జాకీ మీద చేయి వేసి నిలబడ్డాను. ఇక్కడ పడుకోబెట్టకు అక్కా అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట అన్నానంటే ఎందుకని అడుగుతుంది. మళ్లీ షెడ్డులోకి వెళ్తే రాత్రి చలికి బిడ్డ వణుకుతుంది.

ఆమె ఈసారి పాత చీరతో వచ్చింది. స్లాబు పోసేనాడు ఫ్యాను కోసం నడిమధ్యలో వదిలిన కొండీని చూపించింది.

"గా కొండీకి ఉయ్యాల కట్టు తమ్మీ. నాకు అందది. నీ చేతితోటి పోసిన స్లాబు, నీ చేతితోటే కట్టు. మా మనవరాలు మొదాలు గీ ఇంట్లనే ఊగాలె."

స్టూలు ఆమే తెచ్చి వేసింది. నేను ఎక్కాను. ఎందుకెక్కానో నాకిప్పటికీ తెలీదు. చీర కొస కొండీలోంచి దూర్చాను. నా అరచేయి స్లాబుకు తగిలింది, చల్లగా, తేమగా ఉంది. పగులు కోసం వెతికాను. ఒక్క పగులు కనిపించినా చూపించి, దాని మీద నెపం పెట్టి తప్పించుకునేవాణ్ని. ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. పడితే పడుతుంది, లేకపోతే లేదు. ఆ బిడ్డ బతుకు దాని మీద ఉంది, నా ఇల్లు కూడా దాని మీదే ఉంది. ముడి వేయడానికి చేతులు ఎత్తాను. వేళ్లు వంగలేదు. అయ్యో, నాకూ పిల్లలున్నారు కదా!

చీర లాగేసి దిగాను.

"గట్టిపడలేదక్కా. ఇంక అయిదు రోజులు ఉండాలె. అబద్ధం చెప్పిన."

"ఏందీ?"

"చందూర్ల ఆదివారం స్లాబు పొయ్యాలె. నా తాన వేరే సామాను లేదు. కిరాయి తేనీకి పైసల్లేవు. మీరు ఇచ్చిన పైసలు గూడ సగం మీ ఇంటికి పెట్టలే, బోధన్ల వేరే ఇంటికి పెట్టిన. మీ పనికి పైసల్లేకనే గిన్ని రోజులు లేటైంది. మంచం బయటికి తియ్యి అక్కా, తొందరగ తియ్యి. నువ్వు గూడ హాల్ల నిలబడకు."

ఆమె కదల్లేదు. నేనే మంచం బయటికి ఈడ్చాను. ట్రాక్టరులోంచి జాకీలు దింపించి మళ్లీ నిలబెట్టబోతే ఒక్కటీ సరిగా బిగియలేదు. ముస్తఫాకు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"తప్పైంది భాయ్. హాలుది సగం తీసిన. నువ్వు రావాలె."

"లోపలికి ఎవ్వల్ని పోనియ్యకు," అని పెట్టేశాడు.

పది నిమిషాల్లో వచ్చాడు. అంతసేపూ రోడ్డు మీద చాయ్ హోటల్ దగ్గరే కూర్చున్నాడట. నన్ను పలకరించకుండా నేరుగా హాల్లోకి దూరి, మధ్య నుంచి మొదలుపెట్టి ఒక్కో జాకీ బిగిస్తూ పోయాడు. అతను లోపల ఉన్నంతసేపూ నేను వాకిట్లో నిలబడి ఎవరినీ లోపలికి పోనివ్వలేదు.

ఆ మధ్యలోనే భానుప్రసాద్‌కు ఫోన్ చేశాను. ఆదివారం స్లాబు పడదని చెప్పాను. ఆయన తిట్టలేదు కూడా. "సోమవారం పొద్దుగాల బయానా తెచ్చి ఇయ్యి," అని కట్ చేశాడు. సోమవారానికి ఫైనాన్స్ వాడొక్కడే అనుకున్నాను, ఇద్దరయ్యారు.

ఎర్రన్న బండి మీద వచ్చేసరికి పని అయిపోవచ్చింది. లింగవ్వ అరుగు మీద కూర్చుని అంతా చెప్పింది, నా ముందే చెప్పింది. నేను తల ఎత్తలేదు. కాళ్ల మీద పడదామనుకున్నాను, ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పోశన్నా, గా చందూర్ భానుప్రసాద్‌కు నీ పేరు చెప్పింది ఎవ్వలు?"

"నువ్వే అన్నా."

"నమ్మకస్తుడు, కండ్లు మూసుకుని ఇయ్యు అని చెప్పిన. ఇంక నలుగురికి చెప్పిన." "మిగిలింది ముస్తఫాతోటి చేయించుకుంట. సలాక పైసలు ఎక్కువైనయని ఒక్క మాట అడిగి ఉంటే నేను ఇయ్యకపోదునా? అడగకుంట నా బిడ్డ మీద స్లాబు వెయ్యనీకి చూసినవ్. మల్ల నా గడప తొక్కకు."

ఒక్క మాట అడిగి ఉంటే! నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే సిగ్గులేనితనమని ఆపుకున్నాను. ట్రాక్టరును తీసుకుపొమ్మని కూలీలకు చెప్పి, నేను బండి స్టార్టు చేయబోయాను.

"తమ్మీ," అంది లింగవ్వ.

ఆ చీర ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడుస్తోంది.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నేను గీ ఉయ్యాల తేకపోతే, నువ్వు మాకు చెప్పేటోనివా?"

ఎర్రన్న నా వైపు చూస్తున్నాడు. లోపల ముస్తఫా సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"లేదక్కా," అన్నాను. "చెప్పకపోదును."

ఆమె తల ఊపింది. చీరను చంకలో పెట్టుకుని, మంచం ఒక కొస తాను పట్టుకుని ఇంకో కొస ఎర్రన్నను పట్టుకోమంది. ఇద్దరూ దాన్ని మళ్లీ రేకుల షెడ్డులోకి మోసుకుపోయారు.