సగం వెలుగులో ఇరవై ఒక్క రోజులు

నేను ఒక పన్నెండు వోల్టుల బల్బుని. దేవుడిచ్చిన వెలుగును తగ్గించుకుని బతకడం తప్పేమోనన్న సందేహం ఇరవై ఒక్క రోజుల పాటు నన్ను వదలలేదు.

మొదట ఒక లారీకి వెనక దీపంగా ఉన్నాను. లారీ ముందు 'దేవుడే కాపాడాలి' అని రాయించిన డ్రైవరు, వెనకవాళ్లను కాపాడే పని మాత్రం నాకు వదిలాడు. లారీ తుక్కుకు పోయాక, కందుకూరులో రేడియోలు బాగుచేసే ఇమ్మానియేలు నన్ను పాత ఇనుప సామాన్ల కొట్లో ఏరుకొచ్చాడు.

అతను తన అక్క సువార్తమ్మకు తొమ్మిదేళ్లుగా ఒక కోడిపెట్ట బాకీ. గుడ్లు పొదిగించడానికని అడిగి తెచ్చుకున్న ఆమె పెట్టను, గంప సరిగా మూయక కుక్కల పాలు చేశాడు. సంతలో కొనిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు, ఆ జాతే కావాలంది. ఈ ఏడు కొక్కెర తెగులుకు ఆమె కోళ్లన్నీ పోయాయి. ఆ జాతివి ఆరు గుడ్లు మాత్రం మిగిలాయి. పొదగడానికి పెట్ట లేదు.

"నేను పొదిగిస్తానక్కా," అన్నాడు ఇమ్మానియేలు.

"ఏందీ, నువ్వెక్కి కూర్చుంటావంట్రా?"

థర్మకోలు పెట్టెలో నన్ను బిగించి బ్యాటరీ తగిలించాడు. అలవాటుకొద్దీ పూర్తిగా వెలిగాను. పావుగంటలో పెట్టె పొయ్యిలా వేడెక్కింది. గుడ్లింకా పెట్టలేదు కాబట్టి సరిపోయింది.

"ఉడకబెట్టేదానికి ఇంత యంత్రమెందుకురా? మా ఇంట్లో పొయ్యి లేదా?" అందామె.

మూడు రోజులు కూర్చుని అతనొక చిన్న సర్క్యూటు కట్టాడు. అది నన్ను సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తుంది. చూసేవాళ్లకు మాత్రం మసకగా, నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. నాబ్ తిప్పితే నేను ఆరి ఉండే సమయం పెరిగి వేడి తగ్గుతుంది. పెట్టెలో పెట్టిన థర్మామీటరు ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర నిలిచాక గుడ్లు పెట్టాడు. నాలో ఎర్రటి తీగ ఒక్కటే కనిపిస్తోంది. ఇదేం వెలుగని సిగ్గుపడ్డాను.

సువార్తమ్మకు థర్మామీటరు మీద నమ్మకం లేదు. రోజూ వచ్చి, ప్రార్థన చేసి, గుడ్లు తిప్పి, ఒకదాన్ని కనురెప్పకు ఆనించుకుని వేడి చూసేది. పదకొండో రోజు "చల్లబడినయ్‌రా!" అని అరిచింది.

"సరిగ్గానే చూపిస్తోంది కదక్కా," అంటూ అతను పెట్టెలోకి వంగాడు. థర్మామీటరు జారి నా పక్కకు వచ్చి ఉంది. అది కొలుస్తున్నది నా వేడిని, గుడ్ల వేడిని కాదు. అది ఎక్కువ చూపిందనే ముందు రోజు అతను నన్ను తగ్గించాడు. దాన్ని గుడ్ల పక్కకు జరిపి నాబ్ తిప్పాడు. నేను కొంచెం పెరిగాను.

ఇరవై ఒకటో రోజు నాలుగు గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. తక్కిన రెండూ ఎందుకు పగల్లేదో దేవుణ్ణి అడగాలనే ఉంది.

ఈకలు ఆరిన ఒక పిల్లను ఇమ్మానియేలు అక్క చేతిలో పెట్టాడు. "పెట్టో పుంజో తెలిసేదాకా ఆగక్కా."

"ఏదైతే ఏంది, నా పెట్ట రక్తమేగా. బాకీ తీరింది పోరా," అని ఆమె పిల్లను కొంగులో వేసుకుంది.

తొమ్మిదేళ్లలో మొదటిసారి అతను అక్క ముఖంలోకి తిన్నగా చూశాడు.