ఎలాడియా పేరిట వచ్చిన సంతాప పత్రం

గురువారం మధ్యాహ్నం ఎలాడియా పచ్చి అరటికాయలు ఉడకేస్తుండగా ఒక మోటారు పడవ వచ్చింది. అందులోవాళ్లు గట్టు మీదికి కవరొకటి విసిరి, ఆగకుండానే వెళ్లిపోయారు. లోపల నల్ల అంచుల సంతాప పత్రం. చనిపోయినవారి పేరు దగ్గర ఆమె పేరే ఉంది. అంత్యక్రియలు శనివారమట.

శనివారమే సంఘం సభ కూడా. పసిఫిక్ తీరంలో ఒక ఏటి పొడవునా ఉన్న నల్లవాళ్ల ఐదు ఊళ్ల సంఘానికి ఎలాడియా పెద్ద. బంగారం తవ్వే యంత్రాలను ఏట్లోకి రానివ్వాలా వద్దా అన్నది ఆ రోజే తేలాలి. పక్క ఏట్లో అవి దిగాక చేపలు వెల్లకిలా తేలాయి. వద్దన్న అక్కడి సంఘం పెద్ద మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

పక్కింటి రుఫీనా పత్రం చూసి మెడ మీద చెమట తుడుచుకుంది.

"వదినా, రేపటి పడవకి బ్వెనవెంతూరా పట్నం పో. మీ తమ్ముడి దగ్గర నాల్రోజులుండు."

"నేను పోతే సభెవరు పెడతారే?"

"బతికుంటే ఎప్పుడైనా పెట్టుకోవచ్చు!"

ఎదురైనవాళ్లు తలదించుకుని దాటిపోతున్నారు. తను నిజంగానే పోయిందేమో అనిపించింది ఎలాడియాకి. మూట కూడా కట్టుకుంది. శుక్రవారం పడవ వచ్చింది గాని, ఎక్కకుండా మూట తీసుకుని ఇంటికొచ్చేసింది.

సభలో ఆ పత్రాన్ని తనే పైకి చదివింది.

"భయంగానే ఉంది, అబద్ధమెందుకూ? కానీ మన ముత్తాతలు బానిసలుగా ఈ ఏట్లోనే బంగారం కడిగారు. ఆ బంగారం పోసే దొరల దగ్గర్నుంచి తమని తాము కొనుక్కున్నారు. అంత ఖరీదైన ఏరు. ఇచ్చేద్దామా? మీరే చెప్పండి."

ముసలి బెలార్మీనో ముందుగా చెయ్యెత్తి "వద్దు" అన్నాడు. ఆ తర్వాత చేతులు లేస్తూనే ఉన్నాయి.

సోమవారం పొద్దున యంత్రాన్ని మోసుకుంటూ పెద్ద బల్లకట్టు వచ్చింది. ఊరంతా దోనెలెక్కి ఏటికి అడ్డంగా నిలబడింది. బల్లకట్టు ఇంజను ఆగింది. నల్ల కళ్లద్దాల కుర్రవాడొకడు ముందుకొచ్చి, ఫోనుతో ఒక్కొక్కరి మొహాన్నీ తీరిగ్గా ఫోటో తీయసాగాడు. దోనెల్లో కొందరు మొహాలు తిప్పుకున్నారు.

వాడి ఫోను రుఫీనా వైపు తిరిగింది. ఆమె తలగుడ్డ సర్దుకుంది.

"ఒరేయ్, ఎడం పక్కనుంచి తియ్యి! అటైతే ఇంకా బావుంటాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఆడవాళ్లంతా తలగుడ్డలు సర్దుకుని, గడ్డాలెత్తి నిలబడ్డారు. ఎలాడియా గుండె పొంగింది. మరుక్షణమే బరువెక్కింది. నిన్నటిదాకా వాళ్ల దగ్గరున్నది తన పేరొక్కటే. ఇప్పుడు ఇందరి మొహాలు.

కుర్రవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. బల్లకట్టు వెనక్కి తిరిగింది. కానీ పోలేదు. ఏరు సముద్రంలో కలిసే చోట లంగరు వేసింది. ఆ రోజు ఊళ్లో ఒక్క దోనె కూడా దాన్ని దాటుకుని చేపల వేటకి వెళ్లలేదు.