బొట్టు తుడిచిన అద్దం

ముత్తవ్వ సంచిలో రెండు ధోవతులు, జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం సర్దింది. అరచేయంత గాజు బిళ్లను పాత దుప్పటి ముక్కలో చుట్టబోయి ఆగింది. కొత్త నాగలికైనా బొట్టు పెట్టందే పని మొదలుపెట్టరు. గాజు నడుమ పసుపు రాసి, కుంకుమ దిద్దింది.

ఆమె భర్త ఆత్మారాం నిజామాబాదు గంజ్ దగ్గర కళ్లద్దాలు అరగదీసేవాడు. వానాకాలంలో మంజీర మీది టెలిఫోను తీగలు తెగేవి. అవతలి ఒడ్డు నుంచి వరద కబురు అందక, బోధన్ వైపు చెరుకు చేలల్లో గుడిసెలు మునిగేవి. అందుకని అతను వెలుగు మీద మాట పంపే పెట్టె చేశాడు. మాట తగిలితే లోపలి పలుచని అద్దం వణికేది. ఆ వణుకును దీపం వెలుగు మోసుకుని, గాజు బిళ్లలోంచి సూటిగా నది దాటేది. ఇవతలి పెట్టె గొట్టంలో మళ్లీ మాటయ్యేది. అయితే పంపడానికి అలాంటి బిళ్ల ఉండాలి. ఏడాది అరగదీస్తే ఒక్కటి తేలింది. ఇవతలివాళ్లు వినగలరు, బదులు చెప్పలేరు. రెండోది పైయేడు దసరాకు చేస్తానన్నాడు.

బొట్టు చూసి నవ్వాడు. "గిది దేవుని పటం గాదే. బొట్టుంటె ఎలుగెట్ల పోతది?"

"పెట్టిన బొట్టు తుడ్వకు."

"పోయి మంజీరకు పెట్టు, జర సల్లవడ్తది," అని కండువా కొసతో తుడిచేశాడు. ముత్తవ్వ చెయ్యి తన నొసటి మీదికి పోయింది.

అతను పంపే పెట్టె తీసుకుని అవతలి ఒడ్డుకు పోయాక, ఆమె ఇంట్లో ఉండలేక ఇవతలి ఒడ్డుకు వచ్చింది. అక్కడ టెలిఫోను తీగలు చూసే ఆమె తమ్ముడు లింబాద్రి వినే పెట్టె దగ్గర కూర్చున్నాడు. మూడోనాటి మధ్యాహ్నం, వాన తెరలో అవతల పసుపచ్చగా వెలుగు చుక్క లేచింది. తమ్ముడు గొట్టం ఆమె చెవికి ఆనించాడు.

"నీల్లు రాతి మెట్టు దాటినయ్. గుడిసెలోల్లను మిట్టకు తోలున్రి."

లింబాద్రి చేలకు పరిగెత్తాడు. ముత్తవ్వ కదల్లేదు. అదే మాట మళ్లీ వచ్చింది. ఆపై, "నా సుట్టు నీల్లొస్తున్నయ్. మీరిన్నరో లేదో నాకెర్క గాదు. ఇంకోపాలి జెప్త."

విన్నామని, వచ్చెయ్యమని ఆమె అరిచింది. కొంగు విప్పి ఊపింది. అరమైలు నీళ్ల మీద, ఆ వానలో, ఏదీ అటు చేరలేదు. అతను ఇంకా నాలుగుసార్లు చెప్పాడు. మాట ఆగాక కూడా వెలుగు కాసేపు అక్కడే ఉంది.

గుడిసెల్లోని వాళ్లంతా మిట్టకు చేరారు. ఆత్మారాం తిరిగి రాలేదు. అది 1962 ఆగస్టు పదిహేడు, శుక్రవారం.