పక్క సీటు

బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక, ఇల్లులాంటి బండి కొని భార్యతో ఊళ్లు తిరగాలన్నది ఆయన కోరిక. బళ్లు అమ్మే చోట పెద్ద బండి ఒకటి చూసి మనసు పారేసుకున్నాడు. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే ఉన్నాయి.

"నువ్వు వెనకాల కాళ్లు చాపుకుని పడుకో, నేను తోలుతుంటా. రాజభోగం!" అన్నాడు.

ఆమె ఆ మంచం మీద కూర్చుని చూసింది. డ్రైవరు సీటుకీ దానికీ మధ్య గోడ అడ్డంగా ఉంది. దిగి, పక్కనున్న చిన్న వ్యానెక్కి ముందు సీట్లో కూర్చుంది.

"అందులో నడుం వాల్చడానికి తప్ప చోటు లేదే! స్నానానికెలా?"

"ఎక్కడో చేద్దాం లెండి. మీరు వెళ్లే దారి ఎలా ఉంటుందని పెళ్లైన కొత్తలో రోజూ అడిగేదాన్ని. 'దారే, ఇంకేముంటుంది' అని అటు తిరిగి పడుకునేవారు. ఇప్పుడూ నన్ను గోడవతలే కూర్చోమంటారా?"

ఆయనకు ఆ బస్సు దారి గుర్తొచ్చింది. కొండ మలుపు తిరగ్గానే లోయంతా ఎండలో మెరిసేది. ఇది చూడ్డానికి ఆమె పక్కనుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నాడో! ఇల్లు చేరేసరికి ఆ మాట నిద్రలో కొట్టుకుపోయేది.

వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"సరే, ఇదే తీసుకుందాం. ముందెక్కడికి?"

"మీ బస్సు దారికే."

"అదా? కళ్లు మూసుకుని తోలేస్తాను."

"తెరిచే తోలండి బాబూ, నేను బతికుండి చూడాలి!"

ఆ వారమే బయల్దేరారు. ఊరు దాటింది మొదలు ఆయన నోరు మూతపడితే ఒట్టు.